కాగితంలో బంజరు, కంటికి అడివి

బాగేపల్లిలో అనంతపురం బస్సు ఎక్కితే కొడికొండ చెక్‌పోస్టు, పెనుకొండ దాటినాక చెన్నేకొత్తపల్లి వస్తుంది. ఆ పక్క గుట్టల్లో కల్పవల్లి అనే అడివి ఉంది. ముప్పై, ముప్పై అయిదేళ్ల కిందట అక్కడ ఉన్నవి బోడి రాళ్లే. వానలు మన చింతామణి వైపు కంటే ఇంకా తక్కువ.

1990లో సి.కె. గంగూలీ, మేరీ వట్టమట్టం దంపతులు అక్కడికి దగ్గర్లో 32 ఎకరాల బీడు కొని, టింబక్టు అని పేరు పెట్టి, బాగుచేయడం మొదలుపెట్టారు. అది చూసి ముష్టికోవెల ఊరివాళ్లు తమ గుట్టలు కూడా కాపాడుకోవాలని ముందుకొచ్చారు. తర్వాత చుట్టుపక్కల ఊళ్లూ కలిశాయి. ఇప్పుడది ఏడు వేల ఎకరాల పైమాటే.

విత్తనాలు చల్లారు, మొక్కలు నాటారు, నిజమే. కానీ అసలు పని అగ్గిని ఆపడం. కొత్త గడ్డి చిగురిస్తుందని ఎండాకాలంలో గుట్టకు అగ్గి పెట్టడం మన వైపూ ఉన్నదే. ఆ మంటలో నిరుటి మొలకలన్నీ మాడిపోతాయి. నరికిన మోడు కింద వేరు బతికే ఉంటుంది, చిగురును మాత్రం ఏటా మనమే కాలుస్తాం. అందుకే వాళ్లు ఎండలు ముదరకముందే గడ్డి కోసి అగ్గిబాటలు తీశారు, కావలివాళ్లను పెట్టుకున్నారు. మోళ్లు వాటంతటవే లేచాయి. గడ్డి మన్ను పట్టింది, మన్ను నీళ్లు పట్టింది, వంకల వెంబడి ఈతచెట్లు గుంపులుగా వచ్చాయి.

ఈత వస్తే కల్లు గీసేవాళ్లకు పని, ఈతాకుతో చాపలు, పొరకలు. బోదగడ్డి ఇంటికప్పుకు. కృష్ణజింకలు, తోడేళ్లు కూడా తిరిగొచ్చాయి. తోడేలు వచ్చిందంటే గొర్రెలవాళ్లకు సంబరమేమీ కాదు లెండి. మందకు కాపలా పెరుగుతుంది.

మన మాట కూడా చెప్పుకోవాలి. పట్టుగూళ్లు ఉడికించే పొయ్యిలోకి రోజూ కట్టెలు వేస్తాం. అవి ఏ గుట్ట నుంచి వచ్చాయని మా ఇంట్లో ఎవరూ అడిగింది లేదు.

ఇంత కష్టపడి పెంచిన కల్పవల్లిలోకి 2010 ప్రాంతంలో గాలిమరలు వచ్చాయి. గాలి కరెంటు మంచిదే. కానీ ఆ పెద్ద రెక్కలు పైకెక్కించడానికి గుట్టల నడుములు కోసి రోడ్లు వేశారు. చెట్లు పోయాయి, తవ్విన మన్ను వానకు వంకల్లోకి దిగింది. ఊరివాళ్లు అడ్డం చెబితే, రెవెన్యూ కాగితంలో ఆ గుట్టలు అడివి కాదు, బంజరు.