వంటింటి మైక్రోవేవ్‌కీ సూర్యుడికీ చుట్టరికం!

చల్లారిన పప్పుని మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి మీట నొక్కితే, రెండు నిమిషాల్లో పొగలు కక్కుతుంది కదండీ! మంటేమీ లేదు. పప్పులోని నీటి కణాలను తరంగాలు సెకనుకు 245 కోట్లసార్లు ఊపడం వల్లే ఆ వేడి.

గుజరాత్‌లోని గాంధీనగర్ దగ్గర ప్లాస్మా పరిశోధన సంస్థలో కూడా తరంగాలతోనే వేడిచేస్తారు. అక్కడ 'ఆదిత్య' యంత్రం 1989లోనే పనిచెయ్యడం మొదలెట్టింది. వాయువు బాగా వేడెక్కి, ఎలక్ట్రాన్లు విడిపోతే ప్లాస్మా అంటారు. దాన్ని ఏ గిన్నే తట్టుకోలేదు. అందుకే గోడలకి తగలకుండా అయస్కాంతాలతో పట్టి ఉంచుతారు. అందులో ఎలక్ట్రాన్లు గిరగిరా తిరుగుతుంటాయి. ఉయ్యాలని అదును చూసి తోసినట్టు, వాటి వేగానికి సరిపడే తరంగాల్ని జైరోట్రాన్ అనే పరికరం పంపుతుంది. మన ఓవెన్ వెయ్యి వాట్లయితే, అది 5 లక్షల వాట్లు!

ఇదంతా విని మా పక్కింటి పిన్నిగారు కంగారుపడ్డారు. ఆవిడ పుట్టిల్లు రణస్థలం వైపు. "ఏటమ్మా, మన కొవ్వాడలో పెడతామన్నదీ ఇదేనా?"

"కాదు పిన్నీ. అక్కడ అనుకున్నది యురేనియం అణువుల్ని చీల్చేది. ఇది సూర్యుడిలోలాగ హైడ్రోజన్ అణువుల్ని కలిపేది. వేడి తగ్గితే దానంతటదే ఆరిపోతుంది. అలాగని బొత్తిగా ప్రమాదం లేదనీ కాదు, లోపలి గోడలకి రేడియోధార్మికత వస్తుంది."

ఫ్రాన్సులో మన దేశమూ భాగస్వామిగా కడుతున్న 'ఈటర్'లో 15 కోట్ల డిగ్రీల వేడి కావాలిట.

"మా మనవల కాలానికైనా కరెంటిస్తుందా?" అన్నారు పిన్నిగారు.

"ఇంకా ఎసరు కాగుతోంది పిన్నీ," అన్నాను.