కర్మన్‌ఘాట్‌లో చీనా నూడిల్స్ - మంచి బండిని గుర్తించుట ఎట్లు?

సాయంకాలము ఆరుగంటలు దాటగానే కర్మన్‌ఘాట్ పరిసరములలో, కాలనీల మొగదల, సాగర్ రింగురోడ్డు వెంబడి ఫాస్ట్ ఫుడ్ బండ్లు ఒక్కొక్కటిగా వచ్చి నిలుచును. గ్యాసుపొయ్యి బుస్సుమని లేచును. ఇనుప కడాయిలో గరిటె మ్రోగును. వెల్లుల్లియు సోయా సాసును కలిసిన వాసన వీథి మలుపు వరకు వచ్చి బాటసారిని పలుకరించును. ఈ ప్రాంతమున మంచి నూడిల్స్ ఎచ్చట దొరకును అను ప్రశ్న నేడు ఇంటింట వినవచ్చునదే. పిల్లలు కావలెనందురు, పెద్దలు వలదందురు, తుదకు తండ్రియో, అన్నయో పోయి ఒక పొట్లము కట్టించుకొని వచ్చును. ఆ పొట్లము ఎట్టి బండినుండి రావలెను అనునదే మేమిచట విచారింపబోవు విషయము.

ఒక బండి పేరు, ఒక వీథి పేరు చెప్పి ముగించుట సులభము. కాని నేడున్న బండి రేపు అచ్చటనే యుండునను నమ్మకము లేదు. బండి యున్నను వండు మాస్టరు మారవచ్చును; మాస్టరు మారినచో రుచియు మారును. కావున మేము పేర్ల జాబితా నీయక, ఏ బండి యెదుట నిలిచినను మంచిచెడ్డలు తెలిసికొనుటకు పనికివచ్చు గుర్తులను చెప్పదలచితిమి. గుర్తులు తెలిసినవారికి కర్మన్‌ఘాట్ అయినను, చంపాపేట అయినను, దిల్‌సుఖ్‌నగర్ అయినను ఒక్కటియే.

పిండిని దారములుగా చేసి వండుకొనుట మనకు క్రొత్త కాదు. సేమియా పాయసము ఎరుగని తెలుగిల్లు అరుదు. చీనా దేశమున ఈ విద్య మిక్కిలి ప్రాచీనమైనది. ఆ దేశపు వాయవ్య భాగమున లాజియా అను చోట, సుమారు 4,000 ఏండ్ల క్రిందట పూడిపోయిన గ్రామములో, బోర్లపడిన మట్టిగిన్నె క్రింద నూడిల్స్ దొరికినవని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అవి చిరుధాన్యముల పిండితో చేసినవని వారు తెలిపిరి. నేడు మన బండ్లమీద కనబడునవి గోధుమ మైదాతో చేసినవి.

ఇవి మన దేశమునకు వచ్చిన త్రోవ కలకత్తా. పదునెనిమిదవ శతాబ్ది చివరి పాదమున, వారన్ హేస్టింగ్స్ కాలములో, టాంగ్ ఆచ్యూ అను చీనా వర్తకుడు హుగ్లీ తీరమున భూమి పొంది చక్కెర పరిశ్రమ నెలకొల్పెను. అతని పేరనే ఆ చోటు నేటికిని అచ్చిపూర్ అనబడుచున్నది. అటుపిమ్మట వచ్చిన చీనావారు కలకత్తాలోని టిరెట్టా బజారునందును, తరువాత టాంగ్రాయందును స్థిరపడిరి. వారిలో హక్కా తెగవారు తోళ్లు పదును చేయుట, చెప్పులు కుట్టుట వృత్తిగా గొనిరి. మన బండ్లమీద వ్రాసియుండు ‘హక్కా నూడిల్స్’ అను మాట ఆ తెగవారి పేరే.

1962లో చీనాతో యుద్ధము వచ్చినప్పుడు ఈ కుటుంబములు పెక్కు కష్టముల పాలయ్యెను. సుమారు మూడువేల మందిని రాజస్థానములోని దేవలీ శిబిరమున నిర్బంధించిరి. పిమ్మట అనేకులు కెనడా మొదలగు దేశములకు తరలిపోయిరి. 1996లో కలకత్తా తోళ్ల కర్మాగారములను నగరము వెలుపలికి మార్చవలెనని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. ఆ వృత్తి సన్నగిల్లినను వంట నిలిచినది. టాంగ్రా భోజనశాలలకు పేరుపొందినది. ఇట్టి చరిత్రగల తిండిని ఎగతాళిగా ‘చెత్తతిండి’ అని త్రోసివేయుట న్యాయము కాదు. చెడుగా వండినప్పుడు అది చెత్త. చక్కగా వండినప్పుడు అది ఒక జాతి చేతిపని.

ఈ వంట మన నాలుకకు తగినట్లు మారిన విధము కూడ తెలియదగినది. 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో వంట చేయుచుండిన నెల్సన్ వాంగ్ అను కలకత్తా చీనీయుడు, అల్లము, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, సోయా సాసును మొక్కజొన్న పిండిని చేర్చి ‘చికెన్ మంచూరియన్’ను కల్పించెనని చెప్పుదురు. మంచూరియా దేశమునకును దానికిని పేరు తప్ప వేరు సంబంధము లేదు. 1983లో మాగీ నూడిల్స్ మన దేశపు అంగళ్లకు వచ్చినవి. దానితో నూడిల్స్ అను మాట ఇంటి మాటయైనది. జంటనగరములలో పాతతరమువారికి సికింద్రాబాదులోని నాన్‌కింగ్ వంటి భోజనశాలలు ఈ రుచిని ముందే పరిచయము చేసియుండెను. ఒకప్పుడు తెల్లని గుడ్డ పరచిన బల్లమీద తిన్న పదార్థము క్రమముగా నాలుగు చక్రముల బండిమీదికి దిగివచ్చినది.

మన ప్రాంతమున ఈ బండ్లు ఇన్ని యుండుటకు కారణము స్పష్టమే. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి ప్రాంతములు శిక్షణాలయములకును హాస్టళ్లకును ఆటపట్టులు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్బీనగర్ వరకు మెట్రోరైలు ప్రారంభమైన పిమ్మట ఉద్యోగుల రాకపోకలును పెరిగినవి. పొద్దుపోయి ఇల్లు చేరువానికి, హాస్టలు కూరతో విసిగిన విద్యార్థికి, ఐదు నిమిషములలో వేడిగా చేతికందు హాఫ్ ప్లేటు నూడిల్స్ రాత్రి భోజనమైనది. కనుకనే దాని మంచిచెడ్డలు సరదా విషయము కాక, ఆరోగ్య విషయమైనవి.

ఇక గుర్తులు. మొదటిది, ఉడికించిన నూడిల్స్ ఉన్న తీరు. మంచి మాస్టరు వాటిని పూర్తిగా ఉడుకనీయడు. ముప్పాతిక వంతు ఉడుకగానే వార్చి, చన్నీటితో కడిగి, కొద్దిగా నూనె పట్టించి, వెడల్పాటి పళ్లెములో ఆరబెట్టును. అట్టివి కడాయిలో పడినప్పుడు విడివిడిగా దొరలును. ముద్దయై గరిటెకు అంటుకొనుచున్నవన్నచో అవి ఎక్కువ ఉడికినవో, చాలసేపు గిన్నెలో మ్రగ్గినవో అని యెరుగవలెను. ఆ పళ్లెముపై మూతయో, గుడ్డయో ఉన్నదేమో చూడుడు. రోడ్డు దుమ్ము ముందుగా చేరునది అచ్చటికే.

రెండవది మంట. ఈ వంటకు ప్రాణము మంటయే. కడాయి పొగలు చిమ్మునంతగా కాగిన పిదప నూనె, వెంటనే వెల్లుల్లి, కూరలు, నూడిల్స్ - ఇవన్నియు రెండు మూడు నిమిషములలో ముగియవలెను. అప్పుడు పుట్టు లేత పొగవాసనను కాంటన్ ప్రాంతమువారు ‘వాక్ హే’ అందురు. అనగా కడాయి ఊపిరి. ఈ గుణము ఒకటి రెండు ప్లేట్లు వండినప్పుడే వచ్చును. ఒక్కమారుగా పది ప్లేట్లు కలిపి వండినచో కడాయి చల్లబడి, కూరలు నీరు విడిచి, నూడిల్స్ వేగుటకు మారుగా ఉడుకును. కనుక గుంపు ఎక్కువగా ఉన్న బండియే మంచిదని తలచరాదు. గుంపున్నను తొందరపడక, విడివిడిగా వండి యిచ్చు బండి మంచిది.

మూడవది రంగు. సరిగా వండిన నూడిల్స్ లేత గోధుమవన్నెతో నుండును. అందలి క్యాబేజీ, క్యారెట్, క్యాప్సికం, ఉల్లికాడలు తమ తమ రంగులు వీడక, పంటి క్రింద కరకరలాడవలెను. అన్నియు ఒకే నిప్పురంగున మెరయుచున్నచో అది మిరపకాయ రంగు కాదు, సీసాలోని రంగు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వము గోబీ మంచూరియాలో కృత్రిమపు రంగులను నిషేధించెను. అచ్చట పరీక్షించిన 171 గోబీ నమూనాలలో 107 నమూనాలు సురక్షితములు కావని తేలెను. నూడిల్స్‌తోపాటు మంచూరియా కోరు పిల్లలకు ఈ సంగతి చెప్పవలసియున్నది. “రంగు వేయవద్దు” అని మాస్టరుతో ముందే చెప్పినచో ఎవ్వరును కాదనరు. కాదనిన బండిని మనమే కాదనవచ్చును.

ఇచట అజినామోటో మాట వచ్చును. 1908లో కికునే ఇకెడా అను జపాను రసాయన శాస్త్రజ్ఞుడు సముద్రపు నాచునుండి ఈ రుచి పదార్థమును వేరుచేసెను. 1968లో అమెరికాలోని ఒక వైద్యపత్రికలో అచ్చయిన చిన్న లేఖతో దీనిపై భయము ప్రబలినది. తరువాతి పరీక్షలలో, ఆహారములో సాధారణముగా వాడు మోతాదు వలన జనసామాన్యమునకు హాని కలుగునని రుజువు కాలేదు. అయినను చెంచాలకు చెంచాలు కుమ్మరించు బండిని విడుచుట మంచిదే. ఏలయన, సరకు రుచిలేమిని కప్పిపుచ్చుటకే అంత అవసరము వచ్చును. పైగా సోయా సాసులోను, అజినామోటోలోను సోడియము ఉన్నది; రక్తపోటు గలవారు దీనిని మరువరాదు.

మనము భయపడవలసినది వేరు మూడింటికి: నీరు, పాతనూనె, నిలువ. పళ్లెములు ఒకే బకెట్టు నీటిలో ముంచి తీయు చోట ఎంత రుచి యున్నను నిలువరాదు. నూనె విషయమున 2018 జులై 1 నుండి దేశమంతట ఒక నియమము అమలునకు వచ్చెను. మరల మరల కాగుటవలన నూనెలో పుట్టు ధ్రువపదార్థములు 25 శాతము దాటినచో దానిని వాడరాదు. మనచేత కొలమానము లేదు గాని, నల్లబడి, నురుగుగట్టి, ఘాటు కంపుకొట్టు నూనెను కన్నును ముక్కును పట్టగలవు. ఇక ఉడికించిన నూడిల్స్, అన్నము గంటల కొలది వేడిమిలో నిలిచినచో వాటిలో పెరుగు కొన్ని సూక్ష్మజీవులు పుట్టించు విషము, మరల వేయించినను నశింపదు. అందుచేత సాయంకాలము తొలిజాములో తినుట మేలు. అర్ధరాత్రి వేళ అడుగున మిగిలినది తినుట మేలు కాదు.

పచ్చి కోడిగ్రుడ్డుతో చేసిన మయోనైజ్ సంగతి మన నగరమువారికి గుర్తుండియే యుండును. 2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిని ఒక మహిళ మరణించుటయు, పలువురు ఆసుపత్రుల పాలగుటయు జరిగినది. ఆ నెల 30న తెలంగాణ ప్రభుత్వము అట్టి మయోనైజ్‌ను ఒక సంవత్సరము పాటు నిషేధించెను. నూడిల్స్‌కు మయోనైజ్ అవసరమే లేదు. కావలెనన్నచో ఒక పచ్చిమిర్చి వెనిగర్ చాలును.

కర్మన్‌ఘాట్‌కు మాత్రము ప్రత్యేకమైన విషయ మొకటి గలదు. ఇచటి ధ్యానాంజనేయస్వామి ఆలయమునకు మంగళ, శనివారములలో భక్తులు విశేషముగా వచ్చుదురు. ఔరంగజేబు సేన గుడిని కూల్చవచ్చినప్పుడు, ‘ఆ పని చేయదలచినచో మనస్సు గట్టిచేసికొనుము’ అను ధ్వని వినబడెననియు, ‘కర్ మన్ ఘట్’ అను ఆ మాటలే ఊరిపేరైనవనియు స్థలపురాణము. ఆ రోజులలో మాంసము, గ్రుడ్డు ముట్టని కుటుంబములు ఈ పరిసరములలో పెక్కు. కాని వెజ్, ఎగ్, చికెన్ నూడిల్స్ ఒకే కడాయిలో, ఒకే గరిటెతో చేయు బండ్లే ఎక్కువ. నియమము గలవారు ‘వెజ్’ అని చెప్పి ఊరకుండరాదు; కడాయి వేరా యని అడుగవలెను. అడుగుటకు మొగమాటపడువారు శుద్ధ శాకాహారపు బండినే ఎన్నుకొనవలెను. మనస్సు గట్టిచేసికొనవలసిన పని ఇచటను ఉన్నది.

బండివాని పక్షమునను ఒక మాట చెప్పుట ధర్మము. వీథి వర్తకుల జీవనమును కాపాడుటకు 2014లో పార్లమెంటు ఒక చట్టము చేసెను. ఒక్క బండిపై మాస్టరు, కూరలు తరుగువాడు, పళ్లెములు కడుగువాడు - మూడు కుటుంబముల కూడు ఆధారపడియుండును. మంచి నూనె, మంచినీరు, మంచి సాసు వాడువానికి ఖర్చు ఎక్కువ. పది రూపాయలు తక్కువకు ఇచ్చు ప్రక్క బండికి మనమందరము పరుగెత్తినచో, నిజాయితీగా వండువాడు రెండు నెలలలో బండి కట్టివేయును. లేదా తానును చౌక నూనెకు దిగును. వీథిలో ఏ బండి నిలువవలెనో అధికారులకన్న ముందు నిర్ణయించువారము మనమే.

కడపటగా ఒక ఉపాయము. క్రొత్త బండికి పోయినప్పుడు షెజ్వాన్ అనియు, ట్రిపుల్ అనియు ఘనమైన పేర్లు చెప్పవలదు. సాదా వెజ్ నూడిల్స్ హాఫ్ ప్లేటు మాత్రము అడుగుడు. పైన సాసు పోయవద్దనుడు. వండుచున్నంతసేపు కడాయినే చూచుచుండుడు. సాదా నూడిల్స్‌లో దాచుటకు చోటు లేదు. ఉడుకు తప్పినను, మంట తగ్గినను, నూనె పాతదైనను మొదటి ముద్దలోనే తెలిసిపోవును. అది బాగున్నచో మరునాడు పిల్లలను వెంటబెట్టుకొని పోవచ్చును. బాగులేనిచో పోయినది హాఫ్ ప్లేటు ధర మాత్రమే.