ఇసాబెల్లా తప్పేముంది?

కంపెనీ మూతపడిందంటే దాని సరుకు నాసిరకమనే లోకం అనుకుంటుంది. జర్మనీలోని బ్రెమెన్ నగరంలో తయారైన బోర్గ్‌వార్డ్ ఇసాబెల్లా కారుకు ఆ నింద అంటుకుంది. నిజానికి 1954లో మార్కెట్లోకి వచ్చి 2 లక్షలకు పైగా తయారైన ఈ కారు కంపెనీని ముంచలేదు, చివరిదాకా మోసింది. ముంచింది యజమాని కార్ల్ బోర్గ్‌వార్డ్ పనితీరే.

యుద్ధంలో కుప్పకూలిన దేశంలో జనం చేతికి అప్పుడప్పుడే నాలుగు డబ్బులొస్తున్న రోజులవి. బీటిల్ ఇరుకు, మెర్సిడెస్ ఖరీదు. ఆ రెండింటి నడుమ ఉన్న ఖాళీలోకి ఇసాబెల్లా వచ్చింది. 1,493 సీసీ ఇంజిన్, 60 హార్స్‌పవర్. ఆనాటి బీటిల్‌ది అందులో సగం. మరుసటి ఏడాది వచ్చిన టీఎస్ మోడల్‌కు 75. ముందు గ్రిల్ నడుమ పెద్ద వజ్రాకారపు గుర్తు మెరిసేది. తలుపులు మాత్రం రెండే! వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచి, ఒళ్లు ముడుచుకుని దూరాలి. పిల్లాపాపలున్న ఇంటికి అది ఇబ్బందే. అయినా కొన్నారంటే బండిలో సత్తువ ఉండబట్టే.

మరి డబ్బు ఎటు పోయింది? బోర్గ్‌వార్డ్, గోలియత్, లాయిడ్ అని ఆయనవి మూడు కంపెనీలు. దేని ఇంజినీర్లు దానికి, దేని డీలర్లు దానికి. విడిభాగాలు కూడా ఎవరికి వారే కొనుక్కునేవారు. ఒక మోడల్ కుదురుకోకముందే మరొకటి వచ్చిపడేది. 1959లో హడావుడిగా వదిలిన లాయిడ్ అరబెల్లాలోకి వాన నీళ్లు కారితే, జనం దానికి 'ఆక్వాబెల్లా' అని పేరు పెట్టారు. ఆ మరుసటి ఏడాది అమెరికాలో కంపెనీ కార్ల అమ్మకాలు పడిపోయాయి, అప్పులు పెరిగాయి. 1961 ఫిబ్రవరిలో కంపెనీ బ్రెమెన్ ప్రభుత్వం చేతుల్లోకి వెళ్లింది, ఆ ఏడాదే దివాలా తీసింది.

తొలి ఇసాబెల్లాల్లోనూ లోపాలున్నాయి కదా అని అడగొచ్చు. ఉన్నాయి, తొందరపాటు వాటినీ తాకింది. కానీ కంపెనీ వాటిని సరిదిద్దుకుంటూ వచ్చింది, జనం కొంటూనే వచ్చారు. అప్పులిచ్చినవాళ్లందరికీ చివరికి పూర్తి సొమ్ము అందింది కాబట్టి సంస్థ గట్టిదే, ప్రభుత్వమే చంపిందని మరికొందరి వాదన. ఇది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ప్రభుత్వం బోర్గ్‌వార్డ్ బోర్డుకు పెట్టిన అధ్యక్షుడు బీఎమ్‌డబ్ల్యూ బోర్డులోనూ ఉన్నాడు. 1961లోనే బీఎమ్‌డబ్ల్యూ చూపించిన కొత్త 1500 కారు ఇసాబెల్లా వదిలిన చోటులోకే వచ్చింది. ఆ ఏర్పాటు సబబు కాదనే నా అభిప్రాయం. అయితే ఆస్తి ఉండటం వేరు, నెలాఖరుకు జీతాలిచ్చే నగదు ఉండటం వేరు. ఫ్యాక్టరీ గోడలు అమ్మి వచ్చిన సొమ్ము అప్పు తీర్చగలదేమో కానీ, ఆ నెల జీతాలకు అందిరాదు. ఆ నగదు కొరత ప్రభుత్వం సృష్టించింది కాదు.

కార్ల్ బోర్గ్‌వార్డ్ 1963లో కన్నుమూశాడు. ఇసాబెల్లా పుట్టిన బ్రెమెన్‌లోని సెబాల్డ్స్‌బ్రూక్ ఫ్యాక్టరీ స్థలంలో ఇప్పుడు మెర్సిడెస్ కార్లు తయారవుతున్నాయి.