ఇసుకలో పడుకునే చేప

మా యాలాల్ నుంచి ఏ సముద్రానికి పోవాలన్నా ఒక రాత్రి రైల్లో పడుకోవాలి. ఇట్లాంటి ఊళ్లో ఉప్పునీళ్ల అక్వేరియమా అని మా ఆడపడుచు నవ్వింది. నవ్వనీయండి! మావారు హైదరాబాదు నుంచి తెచ్చిన పసుపుపచ్చ రాస్ చేప మాత్రం వచ్చిన రోజే మాయమైంది.

గాబరాపడి ఇసుకంతా తోడబోయాను. మా అబ్బాయి చెయ్యి పట్టుకుని ఆపాడు. ఈ రకం చేప చీకటి పడినా, భయం వేసినా ఇసుకలో దూరి పడుకుంటుందట. కొత్తచోట రెండుమూడు రోజులు పైకి రాకపోయినా కంగారుపడకండి. మాది మూడోనాడు పొద్దున కొత్తకోడలిలా తొంగిచూసింది. అందుకే అడుగున రెండుమూడు అంగుళాల సన్నటి ఇసుక ఉండాలి. ఇల్లు కట్టే ఇసుక వద్దు, గరుకుకి దాని ఒళ్లు గీరుకుపోతుంది.

తొట్టి కొన్న రోజే చేపను వేయకండి. పాలు తోడుకోవడానికి టైము పట్టినట్టే, చేపల మురికిని విరిచే సూక్ష్మజీవులు పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. లీటరుకు 35 గ్రాముల ఉప్పు, అంటే 200 లీటర్లకు ఏడు కిలోలు. వంటింటి ఉప్పు కాదండీ, అక్వేరియం షాపులో దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమం. మా బోరునీళ్లకు గిన్నెలే తెల్లగా పొరలు కడతాయి, అందుకని ఆర్‌ఓ నీళ్లే వాడతాను.

ఎండాకాలంలో నీళ్లు తగ్గితే మళ్లీ ఉప్పునీళ్లు పోయకూడదు. చారు మరిగితే ఉప్పెక్కదూ? అట్లాగే ఇక్కడా ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. మంచినీళ్లు పోస్తే చాలు. నీళ్ల వేడి 25 నుంచి 27 డిగ్రీలు దాటకుండా నీటిమీదకి చిన్న ఫ్యాను పెట్టాను.

ఇక నా తప్పు చెప్పాలి. తొట్టిమీద మూత పెట్టలేదు. ఓ రాత్రి పోయిన కరెంటు వచ్చి లైటు ఒక్కసారిగా వెలిగింది. బెదిరి ఎగిరిందో ఏమో, తెల్లారి చూస్తే తాండూరు బండల మీద ఎండిపోయి ఉంది. రెండు రోజులు ఆ తొట్టివైపు చూడబుద్ధి కాలేదు. ఇప్పుడున్నది రెండో చేప. సన్నటి వలను చట్రానికి బిగించి మూత చేయించాం. వైరు దూరే సందు కూడా మూసేశాం.

ఒంటిమీద నీలిచారలతో ఇతర చేపల ఒంటిపురుగులు తినే క్లీనర్ రాస్‌ను మాత్రం షాపువాళ్లు ఎంత పొగిడినా కొనకండి. ఆ తిండి ఇంటి తొట్టిలో చాలినంత దొరకదు, చాలావరకు చిక్కిచిక్కి చచ్చిపోతాయి. మా పసుపుదానికైతే ఉప్పు వేయని పచ్చిరొయ్య సన్నగా తరిగి రోజుకు రెండుసార్లు చిటికెడు వేస్తున్నాను. రొయ్యలు కడిగే చప్పుడు వినగానే ముందుకొచ్చి నిలబడుతుంది, దొంగముండ!