నిలువు టర్బైను రెక్క మీద నీటి తాకిడి

యిరుకైన జలసంధుల్లో ఆటుపోట్ల నీరు చాలాచోట్ల రోజుకు నాలుగుసార్లు దిశ మార్చుకుని పరుగెత్తుతుంది. ఆ పరుగులోంచి విద్యుత్తు తీసే యంత్రాల్లో నిలువు యిరుసు టర్బైను వొకటి. కుండలో కవ్వం నిలబెట్టి, దాని చుట్టూ కొంచెం ఎడంగా రెండు మూడు నిలువు రెక్కలు బిగించారనుకోండి, అదే యిది. నీరు ఏ వైపునుంచి వచ్చినా ఒకే దిక్కుకు తిరుగుతుంది. ఫ్రెంచి ఇంజనీరు జార్జ్ డారియూ యీ రకం యంత్రానికి 1931లో అమెరికా పేటెంటు పొందాడు.

పైనుంచి చూస్తే యిరుసు నిమ్మళంగానే తిరుగుతూ వుంటుంది. రెక్క బాధ రెక్కది! ప్రవాహానికి ఎదురుగా వున్నప్పుడు నీరు దాన్ని లోపలికి నెడుతుంది. అర చుట్టు తిరిగేసరికి బయటికి నెడుతుంది. 6 మీటర్ల వ్యాసం గల టర్బైనులో రెక్క సెకనుకు 5 మీటర్లు నడిస్తే చుట్టుకు నాలుగు సెకన్లు పట్టదు. రోజుకు పన్నెండు గంటలే తిరిగినా ఏడాదికి 40 లక్షల పైచిలుకు వంపులు. తీగను అటూ యిటూ వంచుతూ పోతే ఏమవుతుందో తెలిసిందే కదా. సగటున ఎంత విద్యుత్తు వస్తుందనే లెక్క యీ సంగతి చెప్పదు. అందుకని రెక్క మీద క్షణక్షణం పడే బలాన్ని, అసలు యంత్రం కట్టకముందే, చిన్న నమూనా మీద కొలవాలి.

చిక్కంతా యిక్కడే వుంది. నమూనాను పదోవంతు చేశామనుకోండి. రెనాల్డ్స్ సంఖ్య వేగం మీద, రెక్క వెడల్పు మీద, నీటి జిగట మీద ఆధారపడుతుంది. అది మారకుండా వుండాలంటే సెకనుకు 2 మీటర్ల ప్రవాహానికి బదులు తొట్టిలో 20 మీటర్లు కావాలి. అయ్యే పని కాదు. ఫ్రూడ్ పద్ధతిలో వేగాన్ని 63 సెంటీమీటర్లకు తగ్గిస్తే బలం వెయ్యోవంతవుతుంది; టన్ను పడేచోట కిలో. కాని రెనాల్డ్స్ సంఖ్య ముప్పయి రెట్లకు పైగా పడిపోతుంది. అప్పుడు నీరు రెక్కను అంటిపెట్టుకోకుండా తొందరగా విడిపోతుంది. రెక్క వేగం ప్రవాహానికి రెండున్నర రెట్లుంటే నీరు తగిలే కోణం 23 డిగ్రీల దాకా పోతుంది. మామూలు రెక్క చాలావరకు 15 డిగ్రీల లోపే పట్టు తప్పుతుంది. నమూనా బలాన్ని వెయ్యితో హెచ్చవేసి నమ్మితే మోసపోతాం.

అమెరికాలోని టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో స్ట్రిక్‌లాండ్ బృందం 1970ల చివర గాలి టర్బైను నమూనాను నీటి తొట్టిలో పరీక్షించింది. నీరు నిలకడగా వుంటే యంత్రాన్నే బండి మీద లాగారు. గాలిలోనైతే చిన్న నమూనా అతివేగంగా తిరగాలి; అపకేంద్ర బలం అసలు కొలవవలసినదాన్ని మింగేస్తుంది. నీటిలో నింపాదిగా తిప్పినా సరిపోతుంది. నౌకల నమూనాల కోసం విశాఖలోని నౌకాదళ పరిశోధనశాలలో వున్న 500 మీటర్ల తొట్టి కూడా యిలా లాగే తరహాదే.

కొలిచేది రెక్కను పట్టుకున్న చేతికి అతికించిన స్ట్రెయిన్ గేజిలతో. యిరుసును తిప్పే బలం రెక్క దారి వెంబడి వుంటుంది. అడ్డంగా తోసే బలం ముందు అది చాలా చిన్నది. గేజి మూడు డిగ్రీలు వొరిగితే అడ్డు బలంలో నూటికి అయిదు వంతులు దీంట్లో కలుస్తుంది. తిప్పే బలం అడ్డు బలంలో పదోవంతే అయితే కొలతలో సగం తప్పన్నమాట! అందుకని ముందుగా తెలిసిన తూకాలను రెండు దిక్కులా వేలాడదీసి గేజిలు సరిచూస్తారు. తర్వాత నీళ్లు లేకుండా వొట్టి గాలిలో తిప్పి, రెక్క సొంత బరువు వల్ల వచ్చే అంకెలు రాసుకుంటారు. తొట్టిలో దించేది ఆ పైన.