వేసవికి పెరటి సన్నాహము: కాలభేదము, నేలభేదము

ఆంధ్రదేశమును వీడి తరములు గడచినను మన కుటుంబములు విడువక తమవెంట గొనిపోయినవి కొన్ని కలవు. భాష యొకటి, పండుగలు మరియొకటి. మూడవది పెరడు, దీనిని లెక్కలోనికి దెచ్చువారు తక్కువ. షోలాపురమున పద్మశాలీల యిండ్ల వెనుకగాని, బరంపురమునగాని, కోవిల్‌పట్టి నల్లరేగడి పల్లెలలోగాని, జానెడు చోటు చిక్కిన చాలును, మనవారు గోంగూర మడిని, కరివేప మొక్కను, దోసపాదును పెట్టుకొందురు. గోంగూర నెరుగని యిరుగుపొరుగు వారు లేరు. మరాఠీలు దానిని అంబాడి యనియు, కన్నడిగులు పుండి యనియు, తమిళులు పుళిచ్చకీరై యనియు పిలుతురు. కాని మన పప్పునకును పచ్చడికిని కావలసిన పండుదోసకాయ అన్ని అంగళ్ళలో దొరకదు. అది పెరటిలో లేనిచో వంటయింటిలోను లేదు.

వైశాఖమున ఎండిపోయిన పాదును ఆషాఢమున మరల పెట్టు నోపిక అందరికి నుండదు. ఆ చోటు ఒక యేడు బీడుపడును. మరుసటి యేడు దానిపై సిమెంటు పరతురు. కావున వేసవిలో పెరటిని నిలుపుకొనుట చిన్న సంగతిగా దోచినను, మన యిండ్లలో పెరడనునది మిగులుటయు మిగులకుండుటయు పెక్కుచోట్ల దీనిపైననే ఆధారపడియున్నది.

మనము చేయు పొరపాటు, వేసవి పని ఉగాదితో మొదలగుననుకొనుట. ఈ వ్యాసకర్తయు నొక యేడు అట్లే చేసెను. పది సొరపాదులలో రెండు మాత్రమే బ్రతికెను. ఉగాదినాటికి నేలలోని తడి పోవలసినంత పోయియుండును. పని లెక్కింపవలసినది పండుగనుండి కాదు, తమ యూర చివరి వాన కురిసిన దినమునుండి. మన పంచాంగ మొక్కటే, కాని మనము నివసించు చోట్ల వాన యొక్కటి కాదు. తమిళనాడు తీరమునను దక్షిణ జిల్లాలలోను ఈశాన్య ఋతుపవనము వలన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వాన లుండును. అక్కడ పుష్యమాసమున నేల ఇంకను తడిగానే యుండును. ఆ తడిని కాపాడుటయే పని. షోలాపురము సహ్యాద్రికి తూర్పున వర్షచ్ఛాయలో నున్నది. అక్కడ అక్టోబరులో వానలు వెనుదిరుగును. పుష్యమునాటికే నేల మూడు నెలల ఎండ తిని యుండును గనుక, ఆ పనినే అక్కడ కార్తికములో చేయవలయును. కర్ణాటకమున ఏప్రిలు, మే నెలలలో మామిడి జల్లులని పిలువబడు ఉరుముల వాన లప్పుడప్పుడు పడును. పాదులు ముందే సిద్ధముగా నున్నవారికే ఆ నీరు దక్కును. బరంపురము వైపున ఆ నెలలలోనే వచ్చు కాలవైశాఖి జల్లు గాలితో గూడి వచ్చును. అక్కడ గెలలు వేసిన అరటికి ముందే వెదురు ఊతము కట్టనివారు నీటికన్న గాలివలననే యెక్కువ నష్టపోవుదురు.

నీటి లెక్క నొకసారి చూతము. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు లోతున నిలిచిన నీరు ఒక లీటరగును. దక్కను మెట్టప్రాంతములలో నడివేసవిని బయట బెట్టిన నీటి పళ్ళెమునుండి దినమునకు 8 మిల్లీమీటర్లును, ఒక్కొక్కప్పు డంతకు మించియు ఆవిరియగును. తడిసియున్న నేల దీనికంటె విశేషముగా తక్కువ కోల్పోదు. 10 చదరపు మీటర్ల మడిని నిండ తడిపి కప్పులేక వదలినచో దినమునకు సుమారు 80 లీటర్లు, అనగా 15 లీటర్ల బిందెలు ఐదింటికి మించిన నీరు ఆకాశము పాలగునన్నమాట. మొక్క త్రాగినది అందులో కొంతయే. ఇక కుళాయి వద్ద వరుసలో నిలిచి తెచ్చుకొను నీటి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి మొదటి మందు దోకుడుపార. రేగడినేల ఎండినకొలది పగుళ్ళు వాయును. ఆ పగుళ్ళు వేళ్ళను త్రెంపుటయే గాక లోతునున్న తడిని సైతము బయటికి తీయును. నేల మరీ గట్టిపడకముందే పైన రెండంగుళముల మేర గుల్ల చేసినచో పగుళ్ళు పూడును. పైనున్న పొడిమట్టియే దుప్పటివలె క్రింది తడిని కాపాడును. కోలారు వైపు ఎఱ్ఱనేలలకు వేరొక లోపము కలదు. అవి నీటిని త్వరగా త్రాగును, త్వరగా విడుచును. వానికి చెరువులెండినప్పుడు తీసిన పూడికమట్టిని కలుపుట పూర్వులు తెలిసి చేసిన పని.

రెండవది ఆకుకప్పు. ఎండుటాకులు, వరిగడ్డి, చెరకాకు, వేరుసెనగ పొట్టు వీనిలో నేది చిక్కిన దానిని పాదుపై నాలుగు వ్రేళ్ళ మందమున పరువవలెను. మొదలుచుట్టు జానెడు చోటు విడువవలయును. లేనిచో చెదపురుగు కాండమునకు ఎగబ్రాకును. కప్పులో తేళ్ళు చేరుట కలదు. పిల్లలు తిరుగు పెరటిలో దానిని చేతితో గాక కఱ్ఱతో కదలించుట మంచిది.

మూడవది కుండ. మెఱుగు పూయని మట్టికుండను మూతివరకు పాతి నీరు నింపి మూత పెట్టినచో, చుట్టునున్న మట్టి ఎంత పొడిగా నున్న అంత నీటిని గోడలగుండ పీల్చుకొనును. మట్టి తడిసినపుడు ఊట మందగించును. మనుష్యుడు కావలి యుండనక్కరలేదు. రెండువేల యేండ్లనాటి చీనా వ్యవసాయ గ్రంథమున నీ పద్ధతి చెప్పబడియున్నది. పాతకుండ పనికిరాదని పారవేయుటకు ముందు, ఒక సొరపాదు ప్రక్కన పాతి చూడుడు. నూనె పట్టిన కుండమాత్రము ఊరదు.

నీరు పోయు వేళను గూర్చి వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున వేసవిలో ఉదయము, సాయంకాలము రెండు వేళల నీరు పోయవలెనని చెప్పినాడు. ఇది నాటిన మొక్కలకు తగినదే. వేళ్ళు లోతుగా దిగిన చెట్లకు దినదినము చెంబెడు పోయుటకన్న వారమున కొకమారు పాదు నిండుగా పోయుట మేలు. పైపై తడి వేళ్ళను పైకే పిలుచును.

యానాము వంటి చోట్ల ఈ భేదము మరింత ముఖ్యము. గౌతమి ముఖద్వారమునకు దగ్గరయగుటచే వేసవిలో ఏటి యుప్పునీరు పైకి వచ్చును. గోదావరి కాలువలు మరమ్మతులకై కట్టుబడు కాలమును అదియే. ఉప్పుతగిలిన బావినీటిని దినమును కొంచెము కొంచెముగా చిలికినచో నీరావిరియై ఉప్పు పైన మిగులును. అరుదుగా, నిండుగా పోసినచో అది వేళ్ళకు దిగువకు జారును. జాలాడి నీటిని అరటికి, చేమకు మళ్ళించుట పాత యలవాటే గాని, నేటి సబ్బుపొడులలోని సోడా నేలను గట్టిపరచును. బియ్యపు కడుగును కూరలు కడిగిన నీరును పాదులకు పోయుడు. బట్టలుదికిన నీటిని వేరుగా పోనిండు.

ఇక మొక్కలు. మల్లెకు పుష్యమున నీరాపి, ఆకు దూసి, మూరెడెత్తున కత్తిరించి, పిదప ఎరువువేసి నీరు పెట్టవలెను. మొగ్గ కొత్తచిగురునకే వచ్చును గనుక, ఈ పని ఆలసించినచో తొలిపూత తప్పును. బీర, సొర, కాకర, దోస గింజలను మాఘము దాటనీయక పెట్టిన ఎండలు ముదురునాటికి తీగ తన నీడను తానే నేలపై పరచుకొనును. మామిడికి పిందె బఠాణీ గింజంత యగువరకు నీటి తొందర కూడదు. లేత కరివేపకు, మునగకు పడమటి దిక్కున తాటాకు దడి యొకటి చాలును. చంపునది అపరాహ్ణపు టెండయే.

తొలికాపు దోసలలో నున్ననిదాని నొకదానిని కోయక తీగపైననే పండనిచ్చి, దాని గింజలను కడిగి నీడన ఆరవేసి, బూడిద కలిపి మూతిగట్టిన కుండలో నుంచవలయును. ఆషాఢమున వెదకినపుడు అంగడిలో ఆ గింజ దొరకకపోవచ్చును.