డ్రైవ్‌లో వేశాం, కానీ తెరుచుకోవట్లేదు: పాత కంప్యూటర్ నుంచి క్లౌడ్‌కి దుకాణం లెక్కలు

2020 అక్టోబర్ 13 రాత్రి ఉప్పల్ వైపు ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. చెరువులు పొంగి హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్, నాచారం లోతట్టు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. నాచారంలో మా చాచా ప్రింటింగ్ దుకాణం గ్రౌండ్ ఫ్లోర్‌లోనే. కాగితం రీముల్ని అటక మీదికి ఎక్కించారు గానీ, టేబుల్ కింద నేల మీద ఉన్న సీపీయూ ఎవరికీ గుర్తు రాలేదు. పద్దెనిమిదేళ్ల షాదీ రుక్కాలు, బిల్లు బుక్కులు, విజిటింగ్ కార్డులు, ఎవరెంత ఇవ్వాలో రాసుకున్న ఉధార్ లెక్కలు, అన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి.

అదృష్టం కొద్దీ హార్డ్ డిస్క్ బతికింది. ఆరబెట్టి, వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే నడిచింది. ఆ భయంతోనే చాచా మొత్తం ఫైళ్లను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించారు. "అరే బేటా, అంతా క్లౌడ్‌లో ఏసేసిన, ఇక ఫికర్ లేదు" అన్నారు. అసలు ఫికర్ ఏడాది తర్వాత మొదలైంది. పెద్దమ్మాయి షాదీకి కొట్టించిన రుక్కా లాంటిదే చిన్నమ్మాయికి కూడా కావాలని ఒకాయన వచ్చారు. కొత్త ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ నుంచి ఫైల్ దించారు. తెలుగు ఉండాల్సిన చోట డాలర్ గుర్తులు, ఇంగ్లిష్ అక్షరాలు, చిన్న చిన్న డబ్బాలు కనిపించాయి. ఉర్దూ ఫైల్ అయితే అసలు తెరుచుకోలేదు.

ఫైల్ పోలేదు, భద్రంగానే ఉంది. చదవడానికే రావట్లేదు. క్లౌడ్‌కి మారుదాం అనుకునే చిన్న వ్యాపారులు చాలామంది తెలియక దాటేసే విషయం ఇదే. ఫైల్‌ని కాపీ చేయడం వేరు, దాన్ని కొత్త చోట పనికొచ్చేలా మార్చడం వేరు.

ముందు క్లౌడ్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. ఆకాశంలో ఏమీ లేదు. ఇరవై నాలుగు గంటలూ కరెంటు, ఏసీ, కాపలా ఉండే పెద్ద బిల్డింగుల్లోని కంప్యూటర్లు అవి. వాటిలో కొంచెం జాగా మనం అద్దెకు తీసుకుంటాం. 2022 నవంబర్‌లో అమెజాన్ అలాంటి కేంద్రాల్ని మన హైదరాబాద్‌లోనే మొదలుపెట్టింది. మన ఉప్పల్‌లోనే జెన్‌ప్యాక్ట్ లాంటి కంపెనీలో కూర్చుని ఎక్కడెక్కడి దేశాల కంపెనీల లెక్కలో చూస్తుంటారు. అక్కడికి దగ్గర్లోనే నాచారం పారిశ్రామికవాడ గల్లీల్లో ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీ మీద బిల్లులు కొట్టే దుకాణాలున్నాయి. మైక్రోసాఫ్ట్ ఆ ఎక్స్‌పీని 2014 ఏప్రిల్‌లోనే వదిలేసింది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. అందుకే ఈ మార్పిడి పని ఇప్పుడు అందరి నెత్తిమీదికీ వచ్చింది.

అక్షరం ఎక్కడ చెడింది?

ఇప్పటి ఫోన్లలో, వెబ్‌సైట్లలో మనం చదివే తెలుగు, ఉర్దూ యూనికోడ్ పద్ధతిలో ఉంటాయి. ఈ పద్ధతిలో ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ ఒక సొంత నంబరు ఉంటుంది. తెలుగు 'క'కి 3093, ఉర్దూ 'బే'కి 1576. ఏ ఫోన్‌లో తెరిచినా ఆ నంబరు చూసి అదే అక్షరం చూపిస్తుంది.

పాత డీటీపీ పద్ధతి ఇలా కాదు. మన దగ్గర ప్రింటింగ్ దుకాణాల్లో దశాబ్దాలుగా నడిచింది పేజ్‌మేకర్, దాంట్లో అను ఫాంట్లు. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు. దానికి తెలిసినవి ఇంగ్లిష్ అక్షరాలు, కొన్ని గుర్తులు, అంతే. కాబట్టి తెలుగు అక్షరాన్ని తలకట్టుగా, వత్తుగా, కొమ్ముగా ముక్కలు చేసి, ఒక్కో ముక్క బొమ్మని ఒక్కో ఇంగ్లిష్ గుర్తు కుర్చీలో కూర్చోబెట్టారు. కంప్యూటర్ దృష్టిలో అది ఇంగ్లిష్ గుర్తే. అను ఫాంట్ దాని మీద తెలుగు వేషం వేస్తుంది. ఫాంట్ లేని కంప్యూటర్‌లో వేషం ఊడిపోయి అసలు గుర్తు బయటపడుతుంది. చాచా ల్యాప్‌టాప్‌లో కనిపించిన డాలర్లు అవే.

ఉర్దూ కథ ఇంకో రకం. నస్తాలీఖ్‌లో అక్షరాలు పక్కపక్కన కూర్చోవు, ఒకదాని మీంచి ఒకటి జారుతూ వస్తాయి. దాన్ని కంప్యూటర్‌కి నేర్పడానికి మీర్జా అహ్మద్ జమీల్ వేలకొద్దీ జోడక్షరాల్ని విడివిడిగా గీయాల్సి వచ్చింది. 1981లో వచ్చిన ఆ నూరీ నస్తాలీఖ్ పుణ్యమే తర్వాతి చాలా ఉర్దూ పత్రికలు. 1994లో ఢిల్లీ వాళ్లు తెచ్చిన ఇన్‌పేజ్ ఆ లిపిని మామూలు దుకాణాల దాకా చేర్చింది. కాకపోతే పాత ఇన్‌పేజ్ ఫైళ్లు దాని సొంత పద్ధతిలో ఉంటాయి. ఇన్‌పేజ్ లేనిదే తెరుచుకోవు. డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు గానీ, ఫోన్‌లో నొక్కితే ఏమీ రాదు.

ఇందులో డీటీపీ అబ్బాయిల తప్పు వెతకడం అన్యాయం. యూనికోడ్ మొదటి రూపం 1991లోనే వచ్చింది, అందులో తెలుగూ ఉంది, అరబిక్ లిపీ ఉంది. అయితే పని చేసే సాఫ్ట్‌వేర్ దాన్ని ఒప్పుకోనప్పుడు, రేపు ఉదయానికి రుక్కా ఇవ్వాల్సినవాడు ఏం చేస్తాడు? చేతిలో ఉన్న ఫాంట్‌తో కానిచ్చేస్తాడు.

మరి దారేమిటి? ముఖ్యమైన మాట: పాత కంప్యూటర్ బతికి ఉండగానే పని మొదలుపెట్టాలి. ఫాంట్లు, పేజ్‌మేకర్, ఇన్‌పేజ్ అన్నీ సరిగ్గా నడిచే చోటు అదొక్కటే. ప్రతి డిజైన్‌నీ అక్కడే తెరిచి, ఫాంట్లు కలిపి పీడీఎఫ్‌గా చేయాలి. పీడీఎఫ్ అంటే ఆ పేజీకి తీసిన గట్టి ఫొటో లాంటిది, ఏ ఫోన్‌లోనైనా ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. అసలు ఫైల్‌ని, దాని పీడీఎఫ్‌ని పక్కపక్కనే పెట్టి ఎక్కించాలి. వాడిన ఫాంట్లను కూడా ఒక ఫోల్డర్‌లో వేసి పంపడం మర్చిపోవద్దు. మళ్లీ మార్చి వాడాల్సిన మాటల్ని మాత్రం కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

కన్వర్టర్‌ని కళ్లు మూసుకుని నమ్మొద్దు. తెలుగులో వత్తులు అటూ ఇటూ అవుతాయి. ఉర్దూలో ఒక్క నుఖ్తా జారితే పేరే మారిపోతుంది. షాదీ రుక్కాలో దుల్హన్ వాలిద్ పేరు తప్పు పడితే ఆ ఇంట్లో ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కూర్చుని ఒక్కో పేరూ చదవాల్సిందే.

ఇంకో చిన్న సంగతి. అను ఫాంట్‌తో చేసిన పీడీఎఫ్‌లో తెలుగు మాట వెతికితే దొరకదు, కంప్యూటర్‌కి అది తెలుగు కాదు కాబట్టి. అందుకే ఫైల్ పేరులోనే అన్నీ ఉండాలి: ఏడాది, నెల, పార్టీ పేరు, ఏ పని. చాచా డ్రైవ్‌లో 'న్యూ', 'న్యూ ఫైనల్', 'న్యూ ఫైనల్ ఓకే' అనే పేర్లతో యాభై పైగా ఫైళ్లున్నాయి. వాటికి పేర్లు పెట్టడానికే మాకు రంజాన్ ముందు రెండు వారాలు పట్టింది.

బిల్లులు, టాలీ, చట్టం

డిజైన్ పోతే మళ్లీ గీసుకోవచ్చు. లెక్కలు పోతే అలా కాదు. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, ఒక ఏడాది లెక్కల్ని ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. అంటే 2023-24 లెక్కలు 2030 డిసెంబర్ 31 దాకా మన దగ్గర ఉండాలి. కంప్యూటర్‌లో లెక్కలు పెట్టుకునేవాళ్లకు 57వ రూల్ ఇంకో మాట చెబుతుంది: ప్రమాదంలోనో ప్రకృతి వల్లనో రికార్డులు పోయినా, సహేతుకమైన సమయంలో తిరిగి తెచ్చుకునేలా బ్యాకప్ ఉండాలి. 'వరదలో కంప్యూటర్ మునిగింది సార్' అంటే జవాబు అయిపోదన్నమాట.

ప్రింటింగ్ దుకాణానికి ఇందులో అదనపు బాధ్యత ఒకటుంది. 46వ రూల్ ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో బిల్లు నంబర్లు వరుసగా ఉండాలి, ఒకే నంబరు రెండుసార్లు రాకూడదు. బిల్లు బుక్కులు కొట్టించుకునే వెల్డింగ్ షాపులు, స్పేర్ పార్టుల షాపులు మళ్లీ వచ్చి 'మొన్నటి బుక్కు తర్వాతి నంబరు నుంచి కొట్టండి' అని చెప్పి వెళ్లిపోతారు. మొన్నటి బుక్కు ఎక్కడ ఆగిందో ప్రెస్‌వాడికే తెలియాలి. ఆ రికార్డు పోతే ఇద్దరికీ ఇబ్బందే.

ఇక టాలీ. పాత ఈఆర్‌పీ 9 నుంచి టాలీప్రైమ్‌కి మారేటప్పుడు అందరూ 'మైగ్రేట్ అయింది' అనే మెసేజ్ చూసి కంప్యూటర్ కట్టేస్తారు. అలా చేయొద్దు. మార్చే ముందు పాతదాంట్లో ట్రయల్ బ్యాలెన్స్, మనకు రావాల్సిన వాళ్ల జాబితా, క్లోజింగ్ స్టాక్ ప్రింట్ తీసి పెట్టుకోండి. మార్చాక కొత్తదాంట్లో అవే మళ్లీ తీసి పక్కన పెట్టి చూడండి. ఒక్క రూపాయి తేడా వచ్చినా అక్కడే ఆగి ఆడిటర్‌ని పిలవాలి. ఆర్నెల్ల తర్వాత దొరికే తేడాకి మూలం పట్టుకోవడం చాలా కష్టం.

టాలీ డేటా ఫోల్డర్‌ని అలాగే తీసుకెళ్లి డ్రైవ్ సింక్‌లో పెట్టి, దుకాణంలో ఒకరు, ఇంట్లో ఒకరు తెరిచేవాళ్లున్నారు. ఇద్దరూ ఒకేసారి రాస్తే డేటా పాడవుతుంది. రోజూ దుకాణం కట్టేటప్పుడు టాలీలోనే బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్‌ని మాత్రం డ్రైవ్‌లో వేయడం క్షేమం. రెండుచోట్ల నుంచి పని చేయక తప్పదంటే 'టాలీ ఆన్ క్లౌడ్' అని నెలనెలా అద్దె కట్టే పద్ధతి ఉంది. టాలీ వేరేచోటి కంప్యూటర్‌లో నడుస్తుంది, మనం దూరం నుంచి చూస్తూ పని చేస్తాం. దానికి ఇంటర్నెట్ గట్టిగా ఉండాలి.

ఇంటర్నెట్ అంటే గుర్తొచ్చింది. మన కనెక్షన్లు చాలావాటిలో దించుకునే స్పీడ్ ఎక్కువ, ఎక్కించే స్పీడ్ తక్కువ. సెకనుకి 10 మెగాబిట్లు ఎక్కించే లైన్ మీద 40 జీబీ పంపాలంటే దాదాపు తొమ్మిది గంటలు. రాత్రి పెట్టి పడుకోండి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్, ఫొటోలు, ఆండ్రాయిడ్ ఫోన్ వాట్సాప్ బ్యాకప్ కూడా. అది నిండితే మెయిల్స్ రావడం కూడా ఆగిపోతుంది. ఇంటి షాదీ వీడియోలు, దుకాణం లెక్కలు ఒకే అకౌంట్‌లో పెట్టకపోవడం మంచిది.

సింక్‌ని బ్యాకప్ అనుకోవడం ఇంకో పొరపాటు. కంప్యూటర్‌లో ఫైల్ పొరపాటున తుడిచేస్తే డ్రైవ్‌లోనూ తుడిచిపోతుంది. చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, తర్వాత లేదు. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. అలాంటిది తగిలితే సింక్ ఆ తాళం వేసిన ఫైళ్లనే క్లౌడ్‌కి మోసుకెళ్తుంది. కాబట్టి నెలకోసారైనా విడిగా ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో కాపీ తీసి, ప్లగ్ పీకేసి, దుకాణంలో కాకుండా ఇంట్లో పెట్టాలి.

తాళంచెవి ఎవరి దగ్గర?

నాకు తెలిసిన ఒక దుకాణంలో క్లౌడ్ అకౌంట్ తెరిచింది అక్కడ పనిచేసే కుర్రాడు, తన సొంత జీమెయిల్‌తో, తన నంబరుతో. మంచి కుర్రాడే. తర్వాత జిద్దా వెళ్లిపోయాడు. ఇక్కడ కొత్త కంప్యూటర్‌లో లాగిన్ అవ్వాలంటే ఓటీపీ అక్కడి ఫోన్‌కి పోతుంది. ఇక్కడ పొద్దున పదింటికి షట్టర్ లేపితే అక్కడ ఏడున్నర, అతను నైట్ డ్యూటీ చేసి పడుకుని ఉంటాడు. మూడు రోజులు సేఠ్ అతని వాట్సాప్ మెసేజ్ కోసం ఎదురుచూశారు. అదే అతను నంబరు మార్చేసి ఉంటే?

అకౌంట్ దుకాణం పేరుతో, యజమాని నంబరుతో ఉండాలి. రికవరీ నంబరుగా ఇంట్లో ఇంకొకరిది, బేగందో పెద్ద కొడుకుదో ఇవ్వాలి. పనివాళ్లకి పాస్‌వర్డ్ చెప్పకుండా, వాళ్ల మెయిల్‌కి కావాల్సిన ఫోల్డర్ మాత్రం షేర్ చేయొచ్చు. మానేసిన రోజు అది తీసేస్తే సరి. ఇంకో సంగతి: రెండేళ్లు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత అకౌంట్లను గూగుల్ తొలగించవచ్చు. ఎక్కించేశాం కదా అని మర్చిపోతే అదీ పోతుంది.

ఇది ఇంట్లో చెప్పుకోవాల్సిన మాట కూడా. మన దగ్గర యజమాని పోయాక ఆస్తి పంచుకునే ముందు కర్జ్ తీర్చాలి. ఎవరికి ఎంత బాకీ, ఎవరి నుంచి ఎంత రావాలి అనేది ఆయన ఫోన్ లాక్ వెనకాల ఉండిపోతే వారసులు ఏం తీరుస్తారు? ఉధార్ ఖాతా పుస్తకం ఇంకా చేత్తో రాసేవాళ్లు దాన్ని మానక్కర్లేదు. వారానికోసారి పేజీలు ఫొటో తీసి తేదీ పెట్టి ఎక్కిస్తే చాలు.

చాచా ఇప్పుడు శుక్రవారం జుమ్మా నమాజ్‌కి షట్టర్ దించే ముందు డిస్క్ తగిలించి వెళ్తారు, తిరిగొచ్చేసరికి కాపీ అయిపోతుంది. చిన్నమ్మాయి రుక్కా కూడా చివరికి పాత కంప్యూటర్‌లోనే తెరిచి చేసిచ్చారు. మూడు ఇన్‌పేజ్ ఫైళ్లు మాత్రం ఇప్పటికీ ఎక్కడా తెరుచుకోలేదు. వాటి కోసమే వరదలో మునిగిన ఆ హార్డ్ డిస్క్‌ని పారేయకుండా, గుడ్డలో చుట్టి, ఈసారి అల్మారా పైఅరలో పెట్టారు.